ఖాళీగా పోని బిందె

మా అన్న యాదగిరి పెద్దకర్మ నాడు వంటలకు గిన్నెలు చాలవని అన్న కోడలు అటక మీది పాత సామాను దింపించింది. గంగాళాలు, గుండిగలు, మూతలు పోయిన డేగిశాలు వాకిట్లో వరసగా పెట్టి ఆడవాళ్లు చింతపండుతో తోముతున్నారు. వాటి మధ్య ఒక ఇత్తడి బిందె పక్కకు ఒరిగి ఉంది. మెడ కింద సొట్ట చూసి గుర్తుపట్టాను. లేచి, మోకాళ్లు పట్టుకుంటూ నడిచి వెళ్లి, దాని మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. తోముతున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "చిన్నత్తా, గండ్ల ఏమున్నదని వాసన చూస్తున్నవు?" అని అడిగింది కోడలు. నాకు పెట్రోలు వాసన వచ్చింది. అది రాకూడదని నాకు తెలుసు. పెట్రోలు ఎంత తొందరగా ఆవిరైపోతుందో చదువుకున్నదాన్ని. ఒకప్పుడు ఒక్క పూట పెట్రోలు పట్టి, ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా నీళ్లు మోసిన బిందెలో అది మిగిలి ఉండే మాటే లేదు. అయినా వచ్చింది. ఆ ఆడవాళ్ల మధ్య పీట వేసుకుని కూర్చుని, వాళ్లు అడగకముందే ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు చెప్పినదాన్నే ఇప్పుడు కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. సిగ్గుపడి చెప్తున్న మాట కాదిది. నాకు అక్షరాలు దిద్దించింది మా అన్న, బొగ్గు ముక్కతో, అరుగు బండ మీద. ఊళ్లో సంఘం వాళ్లు ఒక కొట్టంలో పాత పత్రికలు, కొన్ని పుస్తకాలు పెట్టి చదువుకునే గది అన్నారు. అక్కడికి ఆడపిల్లలు పోకూడదు కాబట్టి అన్నే కొంగున కట్టినట్టు దాచి తెచ్చేవాడు, నేను పొయ్యి ముందర కూడబలుక్కుని చదివేదాన్ని. ఆ కొట్టం తర్వాత కాలిపోయింది, కాని అప్పటికే ఆ రోగం నాకు అంటుకుంది. పెళ్లయి షాద్‌నగర్ వచ్చాక ఇంటిపని కాగానే గ్రంథాలయంలో పోయి కూర్చునేదాన్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను. పత్తి పురుగుల మీద, గ్రహణాల మీద, మూత్రపిండాలు ఎట్లా పనిచేస్తాయన్న దాని మీద, ఏది దొరికితే అది చదివాను. అన్నిటికన్నా ఎక్కువ చదివింది మాత్రం చిన్న విమానాల ఇంజన్ల గురించి. సేద్యం చేసుకునే ఇంటి ఆడమనిషి వచ్చి విమానం ఇంజన్ పుస్తకం కావాలంటే గ్రంథపాలకుడు మొదట నవ్వాడు. మళ్లీ మళ్లీ అడిగేసరికి నవ్వడం మానేసి హైదరాబాదు నుంచి తెప్పించి పెట్టాడు. నాకు కావలసిన జవాబు ఒక్కటే. లోపల పెట్రోలు ఉండగానే ఒక విమానం మా చెలకలో ఎందుకు దిగవలసి వచ్చింది?

మా ఊరు కట్టంగూరుకు కోసెడు దూరం. ఎర్రమట్టి చెలకలు, వాటి మధ్య ఏనుగులు పడుకున్నట్టు నల్ల గుండ్లు, గుండ్ల నీడన మేకలు. ఇల్లు మా అవ్వ చేతిలో నడిచేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. తెల్లవారకముందే లేచి పేడనీళ్లు చల్లేది. ఆ తడి పేడ వాసన, పిడకల పొగ వాసన, గట్క ఉడికే వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇప్పటికీ పొద్దున అయినట్టు. వాకిట్లో రెండు కాగులుండేవి. ఒకదానిలో నీళ్లు అడుగుకు దిగకముందే అవ్వ రెండోదాని మూత తీసేది, మొదటిదాన్ని కడిగి బోర్లించేది. ఇక ఏ వస్తువు గడప దాటినా దానికొక పద్ధతి ఉండేది. శుక్రవారం నాడు నిప్పు ఇచ్చేది కాదు. ఉప్పు ఎవరి చేతిలోనూ వేసేది కాదు. చేట చేతికి అందించకుండా కింద పెట్టేది, వాళ్లే తీసుకోవాలి. ఇరుగుపొరుగు గిన్నె అడిగితే ఉత్తగా పంపేది కాదు, చిటికెడు ఉప్పో, నాలుగు గింజలో, ఏమీ లేకపోతే పుడిసెడు నీళ్లో వేసేది. ఇవన్నీ మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఊపిరి పీల్చడం ఎవరూ నేర్పనట్టే, చేస్తూ ఉంటే చూసి చేశాము. ఎందుకని అడిగితే అవ్వ, "ఎందుకేంది? గట్లనే" అనేది. అంతకుమించి అడగడం నేను తర్వాత పుస్తకాల దగ్గరే మొదలుపెట్టాను.

అది పోలీసు చర్య జరిగిన ఏడు. రజాకార్లు పోయారని ఊరు ఊపిరి పీల్చుకుంది, అదీ కొన్నాళ్లే. తర్వాత రోడ్డు పక్కన మిలిటరీ క్యాంపు పడింది, సంఘం వాళ్ల కోసం ఇళ్లు వెతకడం మొదలైంది. వయసులో ఉన్న మగవాళ్లను లారీ ఎక్కించుకుని పోయేవారు. కొందరు దెబ్బలతో తిరిగివచ్చారు, కొందరు రాలేదు. మా అన్న సంఘంలో ఉన్నాడు. దళంతో అచ్చంపేట దిక్కు అడవుల్లోకి పోయి, అక్కడి చలిజ్వరం తెచ్చుకుని, నడవలేని స్థితిలో ఇంటికి చేరాడు. వంటింటి మీద వెదురు తడకతో కట్టిన అటక ఉండేది, అందులో పడుకోబెట్టి ముందర చొప్ప పేర్చాము. జ్వరం రోజు విడిచి రోజు వచ్చేది. చలి పట్టినప్పుడు పళ్లు కొరికేవాడు, ఒళ్లు ఎగిరేది, దాంతో తడక మొత్తం కటకటలాడేది. ఆ చప్పుడు బయటికి వినపడకుండా అమ్మ నన్ను రోటి దగ్గర కూర్చోబెట్టేది. "దంచు బిడ్డా" అనేది. దంచడానికి ఏమీ లేకపోతే ఊక వేసి దంచేదాన్ని. అప్పటికి నాకు పదహారో పదిహేడో. ఆ నెలలో మా ఇంట్లో దంచినంత ఊక జిల్లాలో ఎవరూ దంచి ఉండరు.

కొన్నాళ్లుగా ఒక చిన్న విమానం వచ్చి కాగితాలు చల్లిపోతుండేది. ఆయుధాలు అప్పగించండి, సంఘం వాళ్లకు అన్నం పెట్టకండి అని తెలుగులో అచ్చువేసి ఉండేది. అది ఎవరి విమానమో, సర్కారుదో, కిరాయికి తెచ్చారో మాకు తెలియదు. ఊళ్లో చదవగలిగినవాళ్లు తక్కువ కాబట్టి ఆ కాగితాలు పొయ్యి అంటించుకోవడానికి బాగా పనికొచ్చేవి. నేను మాత్రం ప్రతి కాగితం చదివేదాన్ని, ఒకే మాటలు ఉన్నా చదివేదాన్ని. ఆ రోజు కూడా పొద్దెక్కాక విమానం చప్పుడు విని వాకిట్లోకి వచ్చాను. బాగా కిందికి దిగి ఎగురుతోంది, రెక్కలు పైన, కడుపు కింద. తెల్లగా కాగితాలు రాలాయి. అంతలో చప్పుడు ఆగిపోయింది. అంతవరకు ఏ చప్పుడైనా మొదలవడమే నేను విన్నాను, ఆగడం వినలేదు. ఆకాశంలో అంత పెద్ద వస్తువు, దాని నుంచి గాలి కోసుకునే సన్నని ఈల తప్ప ఏమీ లేదు. అది చింతచెట్ల మీదుగా వాలి, పెసర్లు ఏరిన మా చెలకలో దిగి, రెండుసార్లు ఎగిరెగిరి పడి, రాతి గట్టుకు కొంచెం ఇవతల నిలబడింది.

ఊరు ఊరంతా చెలక చుట్టూ చేరింది, కాని ఎవరూ దగ్గరికి పోలేదు. మా పక్కింటి సాయిలు పెదనాయిన మెడ సాచి చూస్తున్నాడు.

"సచ్చిండా?" అన్నారెవరో.

"లేదు, దిగిండు. గట్టు మీద కూసున్నడు. తలకాయ పట్టుకున్నడు."

"మన సంఘపోళ్లు కొట్టిన్రేమో!"

"నోరు మూయ్," అన్నాడు సాయిలు పెదనాయిన. "గా మాట మిలిటరోళ్లు ఇన్నరనుకో, రేపు పొద్దుకు ఊరుండదు."

అందరూ మా నాయిన వైపు చూశారు. కోర్టు తగాదాల కోసం నల్లగొండ తిరిగి తిరిగి ఆయనకు ఉర్దూ బాగా వచ్చింది. చెలక కూడా మాదే. నాయిన కండువా సర్దుకుని పోయాడు, ఆయన వెనక నేను పోయాను. రావద్దని ఆయన అనలేదు, అసలు నేనొచ్చింది చూడలేదు. విమానం నడిపే అతను మా అన్న కంటే చిన్నవాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. హిందీలో మాట్లాడాడు, నాయిన ఉర్దూలో బదులిచ్చాడు. వాళ్ల మాటలు నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను. అప్పట్లో నాకు సగమే అర్థమయ్యాయి, తక్కిన సగం నాయిన తర్వాత చెప్పాడు.

"క్యాంపు ఎంత దూరం?" అని అడిగాడు అతను. "మనుషులను పిలిపించాలి. విమానానికి కాపలా కావాలి."

క్యాంపు నుంచి మనుషులు వస్తే కాపలా ఉండి ఊరుకోరు. చెలకకు దగ్గరున్న ఇల్లు మాది.

"మీ విమానం నడిస్తే మీరే పోతారు కదా సాబ్. వాళ్లను ఎందుకు తిప్పలు పెట్టడం?" అన్నాడు నాయిన.

అతను లేచి రెక్క మీది మూత తిప్పి లోపలికి చూశాడు. రెండో రెక్క దగ్గరికి పోయి అక్కడా చూశాడు. మళ్లీ గట్టు మీద కూర్చుని, జేబులోంచి ఇనుప పిడి ఒకటి తీసి నాయిన చేతిలో పెట్టాడు. సంగతి ఏమంటే, రెండు రెక్కల్లో రెండు పెట్రోలు తొట్లున్నాయి. ఏ తొట్టి నుంచి ఇంజన్‌కు పెట్రోలు పోవాలో తిప్పుకునే పిడి అది. ఎడమ తొట్టితో బయలుదేరాడు. కాగితాలు చల్లే ధ్యాసలో తిప్పడం మరిచిపోయాడు. ఎడమది ఒట్టిపోయి ఇంజన్ ఆగింది. కుడిది నిండుగానే ఉంది. కంగారులో గట్టిగా తిప్పితే పిడి ఊడి చేతికొచ్చింది. పెట్రోలు పైన ఉండగానే అతను కింద పడ్డాడు.

ఇది నేను తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను. చిన్న విమానాల్లో ఇంజన్ ఆగడం అంటే ఇంజన్ చెడిపోవడమని నేననుకునేదాన్ని. కాదట. ఇంజన్ బాగానే ఉంటుంది, పెట్రోలూ ఉంటుంది, కాని ఉన్న చోటి నుంచి కావలసిన చోటికి రాదు. మనిషి తిప్పడం మరిచిపోతాడు, లేకపోతే తప్పు వైపు తిప్పుతాడు, లేదా పెట్రోలు కొలిచే ముల్లు చూపించింది నమ్మి తొట్టిలోకి తొంగి చూడడు. అందుకే బయలుదేరే ముందు మూత తీసి కళ్లతో చూడమని, అడుగు నుంచి కొంచెం గాజుసీసాలోకి వంచి పరీక్షించమని ప్రతి పుస్తకమూ బతిమాలినట్టు రాస్తుంది. నాయిన ఇంటికొచ్చి ఈ రెండు తొట్ల సంగతి చెప్పినప్పుడు మా అవ్వ అన్న మాట మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. "రెండు కాగులున్నయట, ఒకటి ఒడిసినా రెండోది ముట్టలేదట! వానికి పెండ్లయిందా కొడుకా? కాలేదా? మరింకేం."

అతనికీ క్యాంపు వాళ్లు రావడం ఇష్టం లేదని నాయినకు అప్పటికి అర్థమైంది. వాళ్లు వస్తే ఎందుకు దిగావని అడుగుతారు, పిడి సంగతి చెప్పాలి. ఇద్దరి అవసరమూ ఒకటే అయింది, విమానం చప్పున లేచిపోవాలి. ఉపాయం అతనే చెప్పాడు. కుడి రెక్క కింద చిన్న మర ఉంది. దాన్ని విప్పి పెట్రోలు బిందెలోకి పట్టి, ఎడమ రెక్కలో పోయాలి. దానికి మంచి బిందె కావాలి, శుభ్రంగా తోమి, పొడిగా తుడిచింది. వడపోయడానికి పలుచని బట్ట కావాలి. నాయిన అది ఒక్క మాట పొల్లు పోకుండా అవ్వకు చెప్పాడు. అవ్వ తన కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి బిందె తీసింది. చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, కొంగుతో లోపలా బయటా తుడిచింది. నడుముకెత్తుకుని తానే చెలకకు బయలుదేరింది. తుడవమన్నారు, తుడిచింది. ఉత్తగా తెమ్మని ఎవరూ అనలేదు. గడప దగ్గర ఆగి, కాగులోంచి పుడిసెడు నీళ్లు తీసి బిందెలో వేసుకుంది. అది మా కళ్ల ముందే జరిగింది. కొంగు సర్దుకోవడం ఎవరు గమనిస్తారు? అట్లాగే దాన్నీ ఎవరమూ గమనించలేదు.

బండి తెచ్చి రెక్క కింద నిలిపారు. అతను బండి మీద నిలబడి బిందె అందుకుని పోస్తున్నాడు, నాయిన కింద మర దగ్గర నింపి అందిస్తున్నాడు. ఒకసారి బిందె బండి చక్రానికి తగిలి సొట్టపడింది. "మెల్లగ పట్టుండ్రి, మా తల్లిగారింటోళ్లిచ్చింది!" అని అరిచింది అవ్వ. చెలకంతా పెట్రోలు వాసన నిండింది. మాకు తెలిసింది దీపాల్లో పోసే గాసునూనె వాసనే, ఇది దానికంటే పదునుగా, తియ్యగా ఉంది. చేతిమీద పడితే చల్లగా తగిలి మాయమయ్యేది. చక్రాల ముందు రాళ్లు పెట్టి అతను పంకా చేత్తో తిప్పాడు. ఇంజన్ అంటుకుంది. జనం ఒక్కసారిగా వెనక్కి ఉరికి, మళ్లీ అంతకంటే దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా భయపడినవాళ్లంతా ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలని పోటీ. సాయిలు పెదనాయిన భార్య తోకకు పసుపు కుంకుమ పెట్టింది. నాయిన గొంతు పోయేలా అరిచినా దారి ఖాళీ కాలేదు. ఇంజన్ అట్లాగే నడుస్తూ ఉంది. ఉన్నట్టుండి దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగింది.

ఆ జనం మాట విని తప్పుకుని ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. నీళ్లు పెట్రోలు కంటే బరువు. తొట్టి అడుగుకు దిగి కూర్చుంటాయి, పెట్రోలు బయటికి పోయే దారీ అడుగునే ఉంటుంది. మొదట దారిలోని వడపోత గిన్నెలో చేరతాయి, అంతవరకు ఇంజన్ మామూలుగా నడుస్తుంది, గిన్నె నిండి నీళ్లు దాటగానే ఆగుతుంది. అంటే అతను చింతచెట్ల మీద ఉండేవాడు, ఎత్తు చాలదు, దిగడానికి జాగా లేదు. మా ఊరివాళ్ల చోద్యం అతన్ని బతికించింది. ఆ రోజు అది మాకెవరికీ తెలియదు. మాకు కనిపించింది అతను దిగి, ఇంజన్ కింద మర విప్పి గాజుసీసాలోకి కొంచెం పట్టి ఎండకు ఎత్తి చూడడం. సీసా అడుగున గాజుపూసల్లాంటివి దొర్లుతున్నాయి. సీసా వంచితే విడిపోతున్నాయి, మళ్లీ కలుస్తున్నాయి. ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను నేను. అతని ముఖం చూశాక అనుకోవడం మానేశాను.

"నీళ్లు," అన్నాడు. "పెట్రోలులో నీళ్లు ఎవరు పోశారు?"

సంఘం ఊళ్లలో రోడ్లు తవ్వుతారని, వంతెనలు తెంపుతారని అతను విని ఉంటాడు. ఇప్పుడు తన చుట్టూ ఉన్న ముఖాలన్నీ అతనికి వేరుగా కనపడి ఉంటాయి. సీసాకు మూత బిగించి జేబులో పెట్టుకుని, క్యాంపుకు దారి ఎటో చూపించమన్నాడు. అప్పుడు అవ్వ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"ఏమంటుండు కొడుకా?"

"నీళ్లు ఎవరు పోసిన్రని అడుగుతుండు."

"నేనే పోసిన."

"ఏందే అవ్వా!"

"పోసిన అంటున్న. పోయకుంటె ఎట్ల తేవాలె? మంది చేతికి ఉత్త బిందె ఇస్తరా ఎవరన్న? ఇల్లు ఉత్తదయిపోదూ? గా సంగతి జెప్పు ఆయనకు."

నాయిన చెప్పడానికి తిప్పలుపడ్డాడు. కోర్టులో భూమి తగాదా చెప్పే ఉర్దూలో దీనికి మాటలు లేవు. ఇంటి నుంచి గిన్నె ఖాళీగా పోతే ఇంటి బర్కతు, కలిసివచ్చే గుణం, పోతుందని ఏదో కుదిర్చాడు. అతను నమ్మలేదు. ఇది ఇప్పుడు కల్పించిన కథ అన్నాడు. అవ్వకు రోషం వచ్చింది.

"నమ్మకుంటె పొమ్మను. ఏ ఇంటికన్న పోయి గిన్నె అడగమను. ఒక్క గిన్నె ఉత్తగ వచ్చిందా, నన్ను గుంజకు కట్టి తీస్కపొమ్మను."

నాయిన ఇది చెప్పకుండా ఉండవలసింది. అలవాటు మీద చెప్పేశాడు. అతను ఒక క్షణం అవ్వను చూసి, సరే అని నడక మొదలుపెట్టాడు. చెలకకు దగ్గరున్న ఇల్లు ఏదో అప్పుడు గుర్తొచ్చింది అవ్వకు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కంచె సందులోంచి దూరి, దొడ్డిదారిన ఉరికి, అమ్మతో ఒక్కటే మాట అన్నాను, "వస్తుండు, గిన్నె అడుగుతడు." పైన తడక కటకటలాడుతూనే ఉంది. ఆ రోజు జ్వరం వచ్చే రోజు. రోలు ముందు కూర్చుని రోకలి అందుకున్నాను.

అతను గడప బయట నిలబడి చేతులతో గిన్నె ఆకారం చూపించాడు. అమ్మ గూట్లోని చెంబు తీసింది, అటు తిరిగి జొన్నల కుండలో చెయ్యి పెట్టింది, గుప్పెడు గింజలు చెంబులో వేసింది, గడప మీద పెట్టింది. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలియదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా చెయ్యి తన పని తాను చేసింది. అతను చెంబు వంచితే జొన్నలు అరచేతిలో పడ్డాయి. వాటి వైపే చూస్తూ నిలబడ్డాడు. అతను ఏమంటాడోనని నేను తలెత్తి చూశాను, రోకలి ఒక్క దెబ్బ తప్పింది. ఆ ఒక్క దెబ్బ సందులో అటక గట్టిగా కటకటమంది, దాని వెనక సన్నని మూలుగు. అతను పైకి చూశాడు. చొప్పను చూశాడు. తర్వాత నా రోట్లోకి చూశాడు. అందులో ఊక తప్ప ఏమీ లేదు. జొన్నలు పిడికిట్లో మూసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ వరసలో ఇంకో ఇంటికి పోతే చిటికెడు ఉప్పు వచ్చిందట. తర్వాతి ఇంట్లో పుడిసెడు నీళ్లే. సాయిలు పెదనాయిన ఇంట్లో ఆ పూట గింజ లేదు, ఉప్పు లేదు, కాగులో నీళ్లూ అడుగంటాయి. పెద్దమ్మ చుట్టూ చూసి, పొయ్యి అంటించడానికి దాచిన కాగితం ఒకటి మడతపెట్టి గిన్నెలో వేసి ఇచ్చింది. అతను విప్పి చూస్తే పొద్దున తాను చల్లిన కాగితమే. అప్పుడు నవ్వాడట. ఆ నవ్వు చూశాకే ఇక క్యాంపుకు పోడని నమ్మానని నాయిన చెప్పేవాడు.

నవ్వినా పని మాత్రం జాగ్రత్తగా చేశాడు. తొట్టి అడుగు మర విప్పి, సీసాలో పూసలు కనపడనిదాకా వంచుతూనే ఉన్నాడు. ఇంజన్‌ను చాలాసేపు నేల మీదే నడిపించి చూశాడు. ఈసారి జనం వాళ్లంతట వాళ్లే గట్టు ఎక్కి నిలబడ్డారు. ఎక్కే ముందు బిందెను తానే తెచ్చి అవ్వ చేతికిచ్చాడు, మూతికి వడపోసిన బట్ట కప్పి ఉంది. విమానం చెలక పొడుగునా ఉరికి, చింతచెట్ల కొమ్మల మీదుగా లేచి, ఒకవైపుకు ఒరిగి, రోడ్డు దిక్కు పోయింది. చప్పుడు సన్నబడి సన్నబడి పోయేదాకా ఎవరమూ కదల్లేదు. అవ్వ బిందెను నడుముకెత్తుకుంటే లోపల ఏదో గలగలమంది. ఇంట్లోకి పోయి బట్ట తీసి చూస్తే చిన్న రేకు డబ్బా, అందులో పసుపుపచ్చ గోలీలు.

ఆ డబ్బా చుట్టూ మేము నలుగురం కూర్చున్నాం. అటక మీద మనిషి ఉన్నాడని అతను కనిపెట్టాడు, అంతవరకు తెలిసిపోయింది. నాయిన అన్నను వెంటనే గుండ్ల వెనక్కి చేర్చాలన్నాడు. ఇంత చలిలో కదిలిస్తే దారిలోనే పోతాడని అమ్మ ఏడ్చింది. విషమేమో అన్నాడు నాయిన. "నన్ను ముందుగల మింగనియ్యి. సస్తె ముసల్దాన్ని సస్త," అని అవ్వ ఒక గోలీ నోట్లో వేసుకుని, ముఖం వంకర్లు తిప్పి, "సావలే గాని దీని చేదుకు సచ్చేటట్టున్న" అంది. మరుసటి పొద్దుకు అవ్వ బతికే ఉంది. క్యాంపు నుంచి ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్న గోలీలు మింగడం మొదలుపెట్టాక చలి తగ్గుతూ వచ్చి, కొన్నాళ్లకు తడక చప్పుడు పూర్తిగా ఆగింది. ఇది నేను విన్న మూడో ఆగడం. అయితే ఒళ్లంతా పచ్చబడింది, కళ్లు కూడా. "పిల్ల దొరకకముందే నలుగు పెట్టిన్రు" అని అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. మలేరియాకు వాడే ఆ మందుకు ఒళ్లు పచ్చబడుతుందని నేను షాద్‌నగర్ గ్రంథాలయంలో చదివి అన్నకు చెప్పేసరికి అతనికి మనవలు పుట్టారు.

ఇంజన్ మొదటిసారి ఎందుకు ఆగిందో, రెండోసారి ఎందుకు ఆగిందో నాకు పుస్తకాలు చెప్పాయి. అతను క్యాంపులో ఎందుకు చెప్పలేదన్నదానికి కూడా ఒక జవాబు ఊహించగలను. మా అన్న సంగతి చెప్పాలంటే తాను మా ఊళ్లో ఎందుకు దిగాడో చెప్పాలి, ఊడిన పిడి సంగతి చెప్పాలి. తన తప్పు దాచుకోవడానికే మా అన్నను దాచి ఉండవచ్చు. ఇది సరైన జవాబే అనిపిస్తుంది. కాని దానికి మాట్లాడకుండా పోతే చాలు. గోలీలు ఇవ్వనక్కర్లేదు. బిందె ఉత్తగా తిరిగి ఇవ్వకూడదని అతనికి అనిపించిందా, రోట్లో ఊక చూసి జాలి కలిగిందా, అతని ఇంట్లో కూడా మా అవ్వలాంటి ముసలమ్మ ఉందా, దీనికి నేను వెతికిన ఏ బీరువాలోనూ పుస్తకం లేదు. ఉండదని తెలిసే వెతుకుతున్నాను.

ఇప్పుడు షాద్‌నగర్‌లో మా వీధిలో ఒకరి ఇంటి గిన్నె ఇంకొకరి ఇంటికి పోవడం తక్కువ. పోయినా శుభ్రంగా కడిగి, తుడిచి, ఉత్తగానే వెనక్కి ఇస్తారు. అది మర్యాదే. నేను తప్పుపట్టను. అవ్వ పద్ధతి వల్ల ఇల్లు నిండుతుందని నేనెప్పుడూ నమ్మలేదు కూడా, చదువుకున్నదాన్ని. ఆ పద్ధతి ఒక మనిషిని చంపబోయింది కూడా. దాని వెంటే మా అన్నకు ఇంకో అరవై ఏళ్లు వచ్చాయి. రెండూ నిజమే, ఒకదాన్ని చెరిపి ఇంకోటి రాయడం నాకు చేతకాదు.

కర్మ అయిన మర్నాడు నేను బయలుదేరుతుంటే కోడలు ఆ బిందెను మెరిసేలా తోమి తెచ్చింది. "నువ్వే ఉంచుకో చిన్నత్తా" అంది. బస్సెక్కి ఒళ్లో పెట్టుకున్నాను. కట్టంగూరు దాటి బస్సు గుంటలో పడగానే బిందె ఒరిగి చీర తడిసింది. చూస్తే బిందె అడుగున పుడిసెడు నీళ్లు. వంచి పారబోయలేదు. కండక్టర్ టికెట్లు కొడుతూ వచ్చి, "అవ్వా, ఉత్త బిందెనే గదా, ఒళ్లో ఎందుకు? జర కాళ్లకాడ పెట్టుకో" అన్నాడు.

"ఉత్తది కాదు బిడ్డా" అన్నాను.